భూమిలో లేని బంగారం



నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగేటప్పుడు, వలీమా విందులో దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు అప్పుడప్పుడు ఇలాంటి మాట చెవిన పడుతూ ఉంటుంది: "భాయ్! ఫలానా గని కంపెనీ షేరు నెల తిరక్కుండా రెండింతలయింది. మా బావమరిది కొన్నాడు. ఇంకా పెరుగుతుందట. మీరూ కొంత పెట్టండి."

వినే మనిషి ఇంట్లో కొంత సొమ్ము ఉంటుంది. అది తల్లిదండ్రుల హజ్ కోసం ఏళ్ల తరబడి కూడబెట్టినది కావచ్చు. గల్ఫ్ ఎండల్లో పనిచేస్తున్న కొడుకు పంపినది కావచ్చు. ఆడపిల్ల చదువు కోసం దాచినది కావచ్చు. ఆయన ఇంటికి వెళ్ళి ఆలోచిస్తాడు. "గని తవ్వడం హరామ్ కాదు. ఇందులో మద్యం లేదు, పంది మాంసం లేదు, వడ్డీ అప్పు ఇస్తున్నదీ లేదు. మరి అభ్యంతరం ఏముంది?"

ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి "కొనవచ్చు" అనో "కొనకూడదు" అనో ఒక్క మాటలో సమాధానం చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఇలాంటి కంపెనీ ఎలా పనిచేస్తుందో, దాని ధర ఎందుకు ఆకాశానికి ఎగబాకుతుందో ముందు తెలియాలి. ఆ తర్వాతే షరీఅత్ మాట మనకు సరిగ్గా బోధపడుతుంది. నేటి పాఠాన్ని ఆ క్రమంలోనే చదువుకుందాం.

అన్వేషణ కంపెనీ అంటే ఏమిటి?

గని కంపెనీలు రెండు రకాలు. ఖనిజాన్ని తవ్వి, శుద్ధి చేసి, అమ్మే కంపెనీలు ఒక రకం. వాటికి యంత్రాలు ఉంటాయి, సరుకు ఉంటుంది, రాబడి ఉంటుంది. రెండవ రకం అన్వేషణ కంపెనీలు. వాటి చేతిలో ఉండేది ఒక ప్రాంతంలో వెదకడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి, కొంత నగదు, కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు. అంతే. అమ్మడానికి వాటి దగ్గర ఇంకా ఏ సరుకూ ఉండదు. వాటాదారుల సొమ్మును వెదకడానికే ఖర్చు చేస్తాయి.

మన కర్నూలు జిల్లాలో తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వెదకడం మనకు తెలిసిందే. అక్కడ వెదికేవాడు తన కళ్ళతో నేలను చూస్తాడు. ఏమీ దొరక్కపోతే ఒక రోజు కూలి పోతుంది. అన్వేషణ కంపెనీలో సొమ్ము పెట్టినవాడు నేలను చూడలేడు. వేల మైళ్ళ దూరంలో ఎవరో చూసి చెప్పిన మాట మీదే ఆధారపడతాడు. కాబట్టి ఆ మాట ఎంత నిజమన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఆ మాట ఎలా పుడుతుందంటే, భూమిలోకి లోతుగా డ్రిల్లింగ్ చేసి పొడవాటి కడ్డీల్లాంటి రాతి నమూనాలను బయటకు తీస్తారు. మామూలుగా ఆ రాతి కడ్డీని నిలువుగా రెండుగా కోసి, ఒక సగాన్ని భద్రపరుస్తారు. రెండవ సగాన్ని పొడి చేసి ల్యాబ్‌లో పరీక్షిస్తారు. ఎవరికైనా అనుమానం వస్తే దాచిన సగాన్ని మళ్ళీ పరీక్షించవచ్చు. బంగారు గనుల్లో ఒక టన్ను రాతిలో కొద్ది గ్రాముల బంగారం ఉన్నా అది మంచి గని కిందే లెక్క. అంటే, నమూనాలో చిటికెడు బంగారపు పొడి ఎక్కువైతే చాలు, మామూలు కొండ కాస్తా కాగితం మీద బంగారు కొండ అయిపోతుంది.

బుసాంగ్ ఉదంతం

ఇది సరిగ్గా అలాగే జరిగింది. కెనడాలోని కాల్గరీ నగరంలో బ్రీ-ఎక్స్ మినరల్స్ అనే చిన్న కంపెనీ ఉండేది. దాని అధిపతి డేవిడ్ వాల్ష్. 1993లో ఆయన ఇండోనేషియా వెళ్ళి, భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫెల్డర్‌హాఫ్ సలహాతో బోర్నియో ద్వీపంలోని తూర్పు కాలిమంతన్ అడవుల్లో బుసాంగ్ అనే చోటును సుమారు 80 వేల అమెరికా డాలర్లకు తీసుకున్నారు. అక్కడి పనులను ఫిలిప్పీన్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త మైకేల్ డి గుజ్మన్ నడిపించాడు. అప్పట్లో కంపెనీ షేరు ధర ఒక డాలరు కూడా లేదు.

డ్రిల్లింగ్ ఫలితాలు ఒకటొకటిగా వెలువడసాగాయి. ప్రతి ప్రకటనలోనూ బంగారం లెక్క పెరుగుతూనే పోయింది. 1997 ఫిబ్రవరి నాటికి 7 కోట్ల 10 లక్షల ఔన్సులు ఉన్నాయని కంపెనీ చెప్పింది. మన లెక్కలో అది సుమారు 2,200 టన్నులు. 20 కోట్ల ఔన్సుల దాకా ఉండవచ్చన్న మాట కూడా వినిపించింది. షేరు ధర 1996లో, షేర్లను విభజించక ముందరి లెక్క ప్రకారం, 280 కెనడా డాలర్లు దాటింది. కంపెనీ మొత్తం విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు మించిపోయింది. అప్పటికి ఆ గని నుంచి అమ్మకానికి ఒక్క తులం బంగారం కూడా బయటకు రాలేదన్న సంగతి గమనించండి.

అందరూ నమ్మారు. పేరున్న బ్రోకర్ సంస్థల విశ్లేషకులు కొనమని సలహా ఇచ్చారు. టొరంటో స్టాక్ ఎక్స్చేంజి తన ముఖ్య సూచీలో ఈ కంపెనీని చేర్చుకుంది. సూచీలో చేరగానే పెద్ద పెద్ద నిధులు కూడా ఆ షేరును కొన్నాయి. ఒంటారియో ఉపాధ్యాయుల పెన్షన్ నిధి కూడా వాటిలో ఉంది. పెద్ద గని సంస్థలు బుసాంగ్‌లో వాటా కోసం పోటీ పడ్డాయి. ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో సన్నిహితులు కూడా అందులో ప్రవేశించారు. ఇంతమంది పెద్దలు నమ్మినప్పుడు ఇక నేను విచారించేదేముంది అని సామాన్యుడు అనుకున్నాడు. మరి ఆ పెద్దల్లో ప్రతి ఒక్కరూ తమకు ముందున్నవాడు విచారించి ఉంటాడనే అనుకున్నారు.

చివరికి భాగస్వామిగా చేరడానికి ఒప్పుకున్న ఫ్రీపోర్ట్-మెక్‌మొరాన్ అనే అమెరికా సంస్థ, బ్రీ-ఎక్స్ తవ్విన రంధ్రాల పక్కనే తానుగా డ్రిల్లింగ్ చేసి చూసింది. ఆ పరీక్షలు నడుస్తుండగా, 1997 మార్చి 19న, డి గుజ్మన్ బుసాంగ్‌కు వెళ్తూ హెలికాప్టర్ నుంచి పడి మరణించాడు. మార్చి 26న ఫ్రీపోర్ట్ తన ఫలితాన్ని ప్రకటించింది. అక్కడ చెప్పుకోదగ్గ బంగారం లేదు. మరునాడు ఒక్క రోజులోనే షేరు ఐదింట నాలుగు వంతులకు పైగా విలువ కోల్పోయింది. అమ్ముకోవాలన్న తొక్కిసలాటలో టొరంటో ఎక్స్చేంజి కంప్యూటర్లు కూడా నిలిచిపోయాయి. మే నెల మొదట్లో స్ట్రాత్‌కోనా అనే స్వతంత్ర సంస్థ నివేదిక వచ్చింది. నమూనాలను కల్తీ చేశారనీ, ఇంత పెద్ద ఎత్తున ఇలా జరగడం గనుల చరిత్రలోనే ఎరగమనీ అది తేల్చింది.

ఎలా చేశారు? పొడి చేసిన రాతి నమూనాల్లో ల్యాబ్‌కు చేరక ముందే బంగారపు రేణువులు కలిపారు. ఆ రేణువుల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. నదుల్లో దొర్లి, ఇసుకలో దొరికే బంగారం అలా ఉంటుంది. రాతిలో పుట్టిన బంగారం అలా ఉండదు. అంతేకాదు, బ్రీ-ఎక్స్ రాతి కడ్డీలో సగాన్ని దాచే ఆనవాయితీని పాటించలేదు. దాదాపు మొత్తం పొడి చేసేసింది. మళ్ళీ పరీక్షించి చూడడానికి ఏమీ మిగలలేదు. ఈ రెండు సంగతులూ పరిశీలించేవారికి కనబడేవే. అయితే ధర పెరుగుతున్నంత కాలం చూడాలన్న కోరిక ఎవరికీ కలగలేదు.

వాల్ష్ 1998లో అనారోగ్యంతో మరణించారు. పోలీసులు 1999లో ఎవరి మీదా కేసు పెట్టకుండానే దర్యాప్తు ముగించారు. ఫెల్డర్‌హాఫ్ మీద అంతర్గత సమాచారంతో షేర్లు అమ్మారన్న అభియోగం ఏళ్ల తరబడి నడిచి, 2007లో న్యాయస్థానం ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది. ఆ కల్తీ నేరానికి ఏ న్యాయస్థానమూ ఎవరినీ శిక్షించలేదు. సొమ్ము పోగొట్టుకున్నవారికి మాత్రం అది తిరిగి రాలేదు.

గని నిజమైనా ధర నిజం కాకపోవచ్చు

"అక్కడ మోసం జరిగింది కాబట్టి నష్టం వచ్చింది. మోసం లేని చోట భయమెందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబుగా ఇంకొక ఉదంతం ఉంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని విండారా అనే చోట 1969లో పోసైడాన్ అనే చిన్న కంపెనీకి నికెల్ ఖనిజం దొరికింది. ఇది అబద్ధం కాదు, ఖనిజం నిజంగానే ఉంది. వియత్నాం యుద్ధ కాలం కావడంతో నికెల్‌కు గిరాకీ ఎక్కువగా ఉంది. 1969 సెప్టెంబరు మొదట్లో 80 సెంట్లు ఉన్న షేరు 1970 ఫిబ్రవరిలో 280 డాలర్లకు చేరింది. ఆరు నెలలైనా కాలేదు! పోసైడాన్ పేరు విని, దాని చుట్టుపక్కల నేల తీసుకున్న ప్రతి కంపెనీ షేరునూ జనం ఎగబడి కొన్నారు. వాటిలో అనేక కంపెనీలకు ఖనిజం ఆనవాలు కూడా లేదు.

తర్వాత ఏమయింది? ఖనిజం అనుకున్నంత నాణ్యమైనది కాదని తేలింది. తవ్వకం ఖర్చు పెరిగింది. గని పని మొదలయ్యేసరికి నికెల్ ధర పడిపోయింది. 1976లో కంపెనీ అప్పులవారి చేతుల్లోకి పోయింది. భూమిలో నికెల్ ఉన్న మాట నిజమే. 280 డాలర్లు పెట్టి కొన్నవాడు పోగొట్టుకున్న మాటా నిజమే. మొదటి ఉదంతంలో గనే అబద్ధం. రెండవ దానిలో గని నిజం, ధర అబద్ధం. కొన్నవాడి ఇంట్లో మాత్రం రెండు చోట్లా ఒకే దుఃఖం.

షరీఅత్ దృష్టిలో

ఇక ధర్మం వైపు వద్దాం. గని పని చేయడం, గనిలో వాటా కలిగి ఉండడం తప్పు కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి)కి ఖబలియ్యా గనులను ఇచ్చిన సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. హలాల్ పని చేసే కంపెనీలో వాటా కొనడం ధర్మసమ్మతమేనని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1992లో జిద్దాలో జరిగిన సమావేశంలో తీర్మానించింది. కాబట్టి "గని షేరు" అన్న పేరును బట్టి దాన్ని హరామ్ అనలేము. అది ఎక్కడ చెడుతుందో చూడాలి. ముఖ్యంగా నాలుగు చోట్ల చెడుతుంది.

మొదటిది, ధోకా. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) మందలించి, మోసం చేసేవాడితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). అలాగే పశువును అమ్మే ముందు పాలు పితకకుండా ఉంచి, పొదుగు నిండుగా కనబడేలా చేయడాన్ని ఆయన (స) నిషేధించారు (బుఖారీ, ముస్లిం). మన సంతల్లో పశువులు కొన్నవారికి ఈ మాయ బాగా తెలుసు. బుసాంగ్ నమూనాల్లో బంగారం కలపడం ఆ పొదుగు మాయకు అన్న లాంటిది.

ఇక్కడ ఇంకొక సంగతి కూడా ఉంది. దైవప్రవక్త (స) ఆ రాశిని పైపైన చూసి వదిలేయలేదు. చేయి లోపలికి పెట్టారు. బజారులో జనం తిరుగుతున్నా, తడి బయటపడింది చేయి పెట్టినందువల్లే. బుసాంగ్‌లో ఫ్రీపోర్ట్ డ్రిల్లింగ్ చేసింది కూడా అదే పని. అంతకు ముందు ఏళ్ల తరబడి ఎవరూ చేయి పెట్టలేదు.

రెండవది, గరర్. అంటే ఉందో లేదో, ఎంతో, ఎలాంటిదో తెలియని దాన్ని అమ్మడం, కొనడం. దైవప్రవక్త (స) గరర్ వ్యాపారాన్ని, రాయి విసిరి అది ఎక్కడ పడితే ఆ వస్తువు నీది అనే వ్యాపారాన్ని నిషేధించారు (ముస్లిం). చెట్టు మీది పండ్లను పక్వానికి రాక ముందే అమ్మడాన్ని కూడా వారించారు. అల్లాహ్ ఆ పంట దక్కనివ్వకపోతే నీ సోదరుని సొమ్మును ఏ హక్కుతో తింటావని ప్రశ్నించారు (బుఖారీ, ముస్లిం). ప్రతి వ్యాపారంలోనూ కొంత అనిశ్చితి ఉంటుంది. రైతుకు వాన తెలియదు, వర్తకుడికి రేపటి ధర తెలియదు. ఆ కొద్దిపాటి అనిశ్చితిని షరీఅత్ అడ్డుకోలేదు. కొనే వస్తువు గురించే ఏమీ తెలియని స్థితిలో సొమ్ము ఇవ్వడం మాత్రం వేరు.

ఇక్కడే ధర్మవేత్తలు చెప్పే ఒక సూక్ష్మ విషయం ఉంది. కంపెనీ దగ్గర యంత్రాలు, సరుకు, భవనాలు వంటి ఆస్తులేవీ లేక, అంతా నగదే అయితే, దాని షేరును ముఖవిలువకు మించి గానీ తగ్గించి గానీ అమ్మడం డబ్బును డబ్బుకు హెచ్చుతగ్గులతో మార్చుకోవడమే అవుతుంది. అది వడ్డీ ద్వారం. అప్పుడే పుట్టిన అన్వేషణ కంపెనీల విషయంలో ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి. మీకు తెలిసిన ఆలిమ్‌కు కంపెనీ లెక్కలు చూపించి అడగండి. పేరు మాత్రమే చెప్పి అడిగితే ఆయన సరైన జవాబు ఇవ్వలేరు.

మూడవది, నజష్. కొనే ఉద్దేశం లేకుండానే ధర పెంచి పాడి, అవతలివాడు ఎక్కువకు కొనేలా చేయడాన్ని నజష్ అంటారు. దైవప్రవక్త (స) దీన్ని వారించారు (బుఖారీ, ముస్లిం). నేడు వేలం పాట అవసరం లేదు. తన దగ్గరున్న షేరు ధర పెరగాలని "ఇంకా పెరుగుతుంది, కొనండి" అని ఫోన్ గ్రూపుల్లో సందేశాలు పంపి, జనం కొనగానే తాను అమ్ముకొని తప్పుకోవడం ఆ నజష్‌కు కొత్త రూపమే. మస్జిదు మెట్ల మీద ఆ మాటను అమాయకంగా మోసేవాడు అసలు మోసగాడు కాకపోవచ్చు. అయినా విన్న ప్రతి మాటనూ విచారించకుండా చెప్పేయడం మనిషిని అబద్ధీకుణ్ణి చేయడానికి చాలునని హదీసు హెచ్చరిస్తోంది (ముస్లిం).

నాల్గవది, జూదపు మనసు. మద్యంతో పాటు జూదాన్ని కూడా అల్లాహ్ షైతాను పనిగా పేర్కొని దానికి దూరంగా ఉండమన్నాడు (అల్ మాయిదహ్ 5:90). షేరు కొనడం దానంతట అది జూదం కాదు. కానీ కంపెనీ ఏం చేస్తుందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, రేపు నా కంటే తెలియనివాడు ఎవడో ఎక్కువ ధరకు కొంటాడన్న ఒక్క ఆశ మీద సొమ్ము పెడితే, ఆ పనిలో వ్యాపారం ఎంత మిగిలిందో మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. అక్కడ నా లాభం నా సోదరుని నష్టం నుంచే రావాలి.

కొనేవాని బాధ్యత

సాధారణంగా మనం మోసగాణ్ణి తిట్టి ఊరుకుంటాం. మోసగాని పాపం మోసగానిదే, సందేహం లేదు. కానీ ఖుర్‌ఆన్ వినేవాని మీద కూడా ఒక బాధ్యత ఉంచింది. నమ్మదగని వాడు ఏదైనా వార్త తెస్తే, తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడే స్థితి రాకుండా ముందే విచారించమని ఆదేశించింది (అల్ హుజురాత్ 49:6). తెలియని దాని వెంట పడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందనీ తెలిపింది (బనీ ఇస్రాయీల్ 17:36). "అందరూ కొన్నారు" అన్న జవాబు ఆ రోజున పనికిరాదు.

కాబట్టి ఎవరైనా ఇలాంటి షేరు గురించి చెప్పినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

1. ఈ కంపెనీ ఇప్పుడు ఏమైనా తవ్వి అమ్ముతోందా, లేక వెదుకుతోందా? దాని దగ్గర నేడు ఉన్న ఆస్తి ఏమిటి?

2. చెబుతున్న లెక్క అంచనా వేసిన "వనరు"దా, లేక ఖర్చులన్నీ పోను లాభానికి తవ్వగలమని తేల్చిన "నిల్వ"దా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. వనరు ఉన్నంత మాత్రాన గని రాదు.

3. నమూనాలను కంపెనీతో సంబంధం లేనివారు ఎవరైనా పరీక్షించారా? నివేదిక మీద అర్హుడైన నిపుణుడు తన పేరు పెట్టి సంతకం చేశాడా? బుసాంగ్ దెబ్బ తర్వాత కెనడా 2001లో ఈ నియమాన్ని తప్పనిసరి చేసింది. పోసైడాన్ ఉదంతం తర్వాత ఆస్ట్రేలియాలో 1971లో ఏర్పడిన కమిటీ 1989లో ఇలాంటి నియమావళినే వెలువరించింది. ఈ నియమాలు ఎంతోమంది కన్నీటి తర్వాత పుట్టాయి. వాటిని వాడుకోండి.

4. నాకు ఈ సలహా ఇస్తున్నవాడికి నేను కొంటే ఏం లాభం? మన దేశంలో షేర్ల మీద రుసుము తీసుకొని సలహా ఇచ్చేవారు సెబీ వద్ద నమోదై ఉండాలి. అతను నమోదై ఉన్నాడా?

5. ఈ సొమ్ము మొత్తం పోయినా నా ఇల్లు నిలుస్తుందా? నా మీద ఉన్న అప్పు తీరుతుందా?

అయిదింటిలో ఒక్క దానికైనా జవాబు దొరక్కపోతే, ఆ సొమ్మును కదిలించకుండా ఉండడమే మంచిది. లాభం వదులుకున్నవాడు ఉన్నదాన్ని పోగొట్టుకోడు. "హలాల్" అన్న ముద్ర చూసి ఈ ప్రశ్నలు మానేయవద్దు. మన సమాజంలోనే ఆ ముద్రను చూపి, నెల నెలా పెద్ద లాభాలు ఇస్తామని నమ్మించి, ఎన్నో కుటుంబాలను వీధిన పడేసిన ఉదంతాలు ఉన్నాయి. హలాల్ అనే మాట ఎంత పవిత్రమైనదో, దాన్ని చెప్పేవాణ్ణి అంతగా విచారించాలి.

"నేనొక్కణ్ణి బయటపడతాను"

ధర మితిమీరి పెరిగిందని కొనేవారిలో చాలామందికి లోలోపల తెలుసు. అయినా కొంటారు. ఎందుకు? పడిపోయే ముందే అమ్ముకొని బయటపడతానన్న నమ్మకం. బ్రీ-ఎక్స్ షేరు కొన్నవారూ, పోసైడాన్ షేరు కొన్నవారూ ఆ నమ్మకంతోనే ఉన్నారు.

దైవప్రవక్త (స) ప్రళయానికి ముందు జరగబోయే ఒక సంఘటనను తెలియజేశారు. ఫురాత్ నది ఇంకి, ఒక బంగారు కొండ బయటపడుతుంది. దాని కోసం జనం పోట్లాడుకుంటారు. ప్రతి నూరు మందిలో తొంభై తొమ్మిది మంది చనిపోతారు. అయినా ప్రతి ఒక్కడూ, బహుశా బతికి బయటపడేవాణ్ణి నేనే కావచ్చు అనుకుంటాడు (ముస్లిం). అప్పుడు అక్కడ ఉన్నవాడు దాని నుంచి ఏమీ తీసుకోవద్దని ఆయన (స) ఉపదేశించారు (బుఖారీ, ముస్లిం).

ఈ హదీసు షేర్ల గురించి చెప్పింది కాదు. రాబోయే కాలపు ఒక సూచనగానే దాన్ని నమ్మాలి. కానీ బంగారం ముందు మనిషి మనసు ఎలా లెక్క వేస్తుందో అందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. నూటికి తొంభై తొమ్మిది మంది నష్టపోతారని తెలిసినా, ఆ మిగిలిన ఒక్కడు తానే అనుకుంటాడు. ఆదం బిడ్డకు ఒక లోయ నిండా బంగారం ఉన్నా రెండవ లోయ కావాలంటాడని కూడా దైవప్రవక్త (స) చెప్పి ఉన్నారు (బుఖారీ, ముస్లిం). దురాశ మన లెక్కల్ని తప్పుగా చేయిస్తుంది. లెక్క తప్పుతోందని మనకు అనిపించనివ్వదు. అదే దాని అసలు ప్రమాదం.

ఇంటి అమానతు

చివరిగా ఒక మాట. ఇంటి యజమాని తన ఇంటివారికి కాపరి అనీ, వారిని గురించి అతను ప్రశ్నించబడతాడనీ హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). ఇంట్లో ఉన్న సొమ్ములో భార్య మహర్ ఉంటే అది ఆమెది. ఆమె సంతోషంగా ఒప్పుకోకుండా దాన్ని షేర్లలో పెట్టే హక్కు భర్తకు లేదు. తల్లి హజ్ కోసం దాచుకున్నది తల్లిది. అనాథ పిల్లల సొమ్ము మన చేతిలో ఉంటే దాని విషయం మరీ భయంకరమైనది. వారి ఆస్తిని అన్యాయంగా తినేవారు కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారని ఖుర్‌ఆన్ హెచ్చరించింది (అన్ నిసా 4:10). ఇలాంటి సొమ్మును ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి, లాభం వచ్చాక సంతోషపెడదామని అనుకునేవారు ఉన్నారు. నష్టం వస్తే ఆ మాట ఇంట్లో ఏ ముఖంతో చెబుతారు?

కాబట్టి సోదరులారా! ఇలాంటి నిర్ణయాన్ని ఒంటరిగా తీసుకోవద్దు. ఇషా నమాజు తర్వాత ఇంటివారందరినీ కూర్చోబెట్టుకొని, పై అయిదు ప్రశ్నలను వారి ముందు ఉంచండి. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో జరుగుతాయని అల్లాహ్ ప్రశంసించాడు (అష్ షూరా 42:38). సోదరీమణులారా! మీ ఇంటి సొమ్ము ఎక్కడ పెడుతున్నారని అడగడం అనుమానించడం కాదు. అది మీ హక్కు, మీ బాధ్యత కూడా. దస్తర్‌ఖాన్ ముందు తల్లి వేసే ఒక్క ప్రశ్న కొన్నిసార్లు ఏళ్ల కష్టార్జితాన్ని కాపాడుతుంది.

తీర్పు దినాన సొమ్మును గురించి మనకు రెండు ప్రశ్నలు ఉంటాయి. ఎక్కడి నుంచి సంపాదించావు? ఎందులో ఖర్చు చేశావు? (తిర్మిజీ). షేరు ఎంత పెరిగిందన్న ప్రశ్న అక్కడ ఉండదు.

అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! చూడకుండా నమ్మే తొందర నుంచి, విచారించకుండా మాటలు మోసే అలవాటు నుంచి మనల్ని కాపాడుగాక! ఆమీన్.